వేదిక మీద కాదు, కౌంటర్ దగ్గర కలుపుకోండి

నగరపాలక, పురపాలక సంస్థల సభ్యులకు, కమిషనర్లకు, విభాగాధిపతులకు

నమస్కారం.

మీ పరిధిలో పలు భాషల వాళ్లు, పలు మతాల వాళ్లు, పలు దేశాల నుంచి వచ్చినవాళ్లు కలిసి బతుకుతున్నారని మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ మాట మీ విధాన పత్రం మొదటి పేజీలోనే ఉంటుంది. రెండో పేజీలో వైవిధ్యమే బలమన్న వాక్యం, మూడో పేజీలో ఏటా జరిపే సాంస్కృతిక ఉత్సవం ఫొటో. ఖర్చు ఏ పద్దు కింద, బాధ్యత ఏ అధికారిది, గడువు ఎంత అన్న మూడు ప్రశ్నలకు మాత్రం చివరి పేజీ దాకా వెతికినా జవాబు దొరకదు. మేము అనువాదకులం, ఒకరి మాటను అప్పటికప్పుడు ఇంకో భాషలో చెప్పే దుబాసీలం, అర్జీలు రాసిపెట్టేవాళ్లం, వార్డుల్లో తిరిగే అనుసంధాన కార్యకర్తలం. ఉత్సవాలు చేయవద్దని మేము అనం, చేయండి. కానీ ఉత్సవానికి వచ్చి మెడలో దండ వేయించుకున్న మనిషే మర్నాడు జనన ధ్రువపత్రం కోసం మీ కౌంటర్ దగ్గర నిలబడి, మాట అర్థంకాక వెనుదిరుగుతున్నాడు. ఈ లేఖ ఆ రెండో రోజు గురించి.

మొదట లెక్క సరిచూసుకోండి. దాదాపు అందరూ జనగణన పట్టికతో మొదలుపెడతారు. అది ఐదేళ్లకో పదేళ్లకో ఒకసారి వస్తుంది. అద్దె ఇళ్లు మారేవాళ్లు, కొత్తగా దిగినవాళ్లు అందులోకి సరిగా ఎక్కరు. అంతకన్నా పెద్ద చిక్కు ప్రశ్నలోనే ఉంది. పుట్టిన దేశాన్ని చూసి భాషను ఊహించడం అన్నిటికంటే మామూలు పొరపాటు. 'ఇంట్లో మాట్లాడే భాష' అడగడం కాస్త నయమే గానీ, ఇంట్లో ఒక భాష మాట్లాడుతూ మీ భాషను మీకన్నా చక్కగా రాసేవాళ్లూ ఉంటారు. అందుకని నమోదు పత్రాల్లో మూడు గడులు విడివిడిగా పెట్టండి. ఏ భాషలో మాట్లాడటం సులువు? ఏ భాష, ఏ లిపి చదవగలరు? దుబాసీ కావాలా, వద్దా? మొదటి రెండూ ఎందుకు వేరుగా ఉండాలంటే, పంజాబీ మాట్లాడే ఇద్దరిలో ఒకరు గురుముఖి చదువుతారు, ఇంకొకరు అరబ్బీ తరహాలో ఉండే షాముఖి లిపి తప్ప చదవలేరు. చైనీస్‌లో మాట్లాడేది కాంటనీసా మాండరినా అన్నది ఒక ప్రశ్న, చదివేది సరళీకృత లిపా సంప్రదాయ లిపా అన్నది వేరే ప్రశ్న. కొంకణి ఒక్కటే నాలుగైదు లిపుల్లో నడుస్తోంది. మాట్లాడే భాషకు ఏ లిపీ చదవలేని వాళ్లూ ఉంటారు. వాళ్లకు కరపత్రం ఎంత అందంగా అచ్చువేసినా దండగే, గొంతుతో రికార్డు చేసిన సందేశం కావాలి.

జనగణన పక్కన బడుల్లో చేరికల జాబితాను, ఆసుపత్రుల్లో దుబాసీల కోసం వచ్చిన పిలుపులను, మీ హెల్ప్‌లైన్ లెక్కలను పెట్టి ఏడాదికోసారి సరిపోల్చండి. కొత్తవాళ్ల రాక ముందుగా కనబడేది బడిలోనే. న్యూయార్క్ నగరం 2017లో చేసిన 30వ నంబరు స్థానిక చట్టం ఈ పనే చేసింది. నగరం వాడాల్సిన పది భాషల్లో ఆరింటిని జనగణన లెక్కల ప్రకారం, మిగతా నాలుగింటిని విద్యాశాఖ దగ్గరున్న లెక్కల ప్రకారం ఎంచమంది. అవి కాక, కనీసం వంద భాషల్లో ఫోన్ ద్వారా దుబాసీ దొరకాలని, ప్రతి శాఖకూ భాషా సమన్వయకర్త ఒకరు ఉండాలని రాసింది. పత్రాలకు పది భాషలు, మాటకు వంద భాషలు అన్న ఈ విభజన మాకు చాలా సబబుగా అనిపిస్తుంది. అచ్చువేయడం ఖరీదు, ఫోన్ చవక.

ఎంతమంది ఉంటే ఆ భాషలోకి అనువదించాలి? ఈ గీత ఎక్కడ గీయాలన్నది ఎప్పుడూ గొడవే. భారతదేశంలో భాషా అల్పసంఖ్యాకుల రక్షణల కింద, జిల్లాలోగానీ అంతకు కింది స్థాయిలోగానీ జనాభాలో 15 శాతం మంది మాట్లాడే భాషలోకి ముఖ్యమైన నియమాలను, ప్రకటనలను అనువదించాలన్నది ఒప్పుకున్న పద్ధతి. అమెరికా ఓటింగు హక్కుల చట్టానికి 1975లో చేర్చిన భాగంలో శాతంతో పాటు సంఖ్య కూడా ఉంది. ఓటు వయసున్న పౌరుల్లో ఒక భాషా వర్గానికి చెంది, ఇంగ్లీషు సరిగా రానివారు 5 శాతం దాటినా, 10,000 మంది దాటినా ఎన్నికల సామగ్రి ఆ భాషలోనూ ఇవ్వాలి, మరికొన్ని షరతులకు లోబడి. శాతం ఒక్కటే పెట్టుకుంటే పెద్ద నగరాల్లో అన్యాయం జరుగుతుంది. ఇరవై లక్షల జనాభాలో రెండు శాతమంటే నలభై వేల మంది, ఒక చిన్న పట్టణమంత. మా సలహా మూడు కొలతలు కలిపి చూడమని: శాతం, తలల లెక్క, విషయం తీవ్రత. ఇల్లు కూల్చివేత నోటీసు, ఖాళీ చేయమన్న నోటీసు, నీటి కనెక్షన్ తొలగింపు, పిల్లల టీకా, వరద హెచ్చరిక లాంటివాటికి అసలు కనీస సంఖ్య ఉండకూడదు. ఆ భాష మాట్లాడేది ఒక్క కుటుంబమే అయినా నోటి మాటగానైనా అందాలి.

అన్నీ అనువదించలేం కదా అంటారు. నిజమే. దానికి పెద్దగా ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. మీరు పంపే ప్రతి ఉత్తరం అడుగున పది పదిహేను భాషల్లో రెండేసి వాక్యాల పెట్టె అచ్చువేయండి: 'ఇది ముఖ్యమైన ఉత్తరం. ఈ నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా మీ భాషలో చెబుతారు.' ఒకసారి తయారుచేస్తే ఏళ్ల తరబడి పనికొస్తుంది. మొదటి పేజీలోనే ఉండాలి, కవరు లోపల వేరే చీటీగా కాదు. చీటీలు జారిపోతాయి.

ఇక కౌంటర్. దుబాసీ సేవకు ఒప్పందం కుదుర్చుకున్నాం, బిల్లులు మాత్రం రావడం లేదు, అంటే జనానికి అవసరం లేదేమో అని కొందరు అధికారులు అంటుంటారు. ఎందుకు రావడం లేదో వెళ్లి చూస్తే కారణం చాలాసార్లు చిన్నదే ఉంటుంది. ఫోన్ సేవకు కావలసిన గ్రాహక కోడ్ (మీ కార్యాలయానికి ఇచ్చిన ఖాతా సంఖ్య) పై అధికారి డ్రాయరులో ఉంటుంది, లేదా గడువు తీరిపోయి ఉంటుంది, లేదా కౌంటర్ ఫోన్‌కు స్పీకర్ ఉండదు. అసలా ఖర్చు తన శాఖ పద్దులో పడుతుందని భయపడి గుమాస్తా ఫోన్ ఎత్తడు. ఈ చివరిదానికి మందు ఒక్కటే. దుబాసీల ఖర్చును శాఖల నుంచి తీసేసి కేంద్ర పద్దులో పెట్టండి. అడిగినందుకు ఎవరి బడ్జెట్టూ తగ్గకూడదు.

కౌంటర్ దగ్గర జరగాల్సింది వరసగా చెబుతాం. అద్దం మీద భాషల పట్టిక ఉండాలి, ప్రతి భాష పేరూ దాని లిపిలోనే. జెండా బొమ్మలు వేయకండి. భాషకు జెండా ఉండదు, ఒక జెండా కింద పది భాషలుంటాయి, కొందరు ఆ జెండా నుంచే పారిపోయి వచ్చి ఉంటారు. వచ్చిన మనిషి తన భాష మీద వేలు పెడతాడు. గుమాస్తా నంబరు తిప్పుతాడు. కోడ్ ఫోన్‌కే అంటించి ఉండాలి. దుబాసీ లైన్‌లోకి రాగానే తానెవరు, ఎక్కడి నుంచి, విషయమేమిటి అన్నది అర నిమిషంలో చెప్పాలి. 'ఇంటి పన్ను పేరు మార్పు గురించి, దాదాపు పది నిమిషాలు పడుతుంది' అంటే చాలు. ఆ తర్వాత ఎదుటి మనిషి ముఖం చూసి, అతనితోనే మాట్లాడాలి. 'ఆయన్ని అడగండి', 'ఆమెకు చెప్పండి' అనకూడదు. ఒకసారి రెండు వాక్యాలకు మించవద్దు. 'అర్థమైందా' అని అడిగితే అందరూ తల ఊపుతారు, మర్యాద కోసం. 'ఇప్పుడు మీరు ఏం చేయాలో ఒకసారి చెప్పండి' అని అడిగితే తేడా అప్పుడు బయటపడుతుంది. దుబాసీతో మాట్లాడితే పని రెట్టింపు సమయం తీసుకుంటుంది. పది నిమిషాల అపాయింట్‌మెంటు ఇరవై నిమిషాలుగా రాసుకోకపోతే, వెనక వరసలో ఉన్నవాళ్ల విసుగంతా ఆ మనిషి మీద పడుతుంది.

పిల్లల చేత అనువాదం చేయించకండి. ఎనిమిదో తరగతి పిల్లకు తల్లి అద్దె బకాయి గురించి గానీ, ఇంట్లో కొట్లాట గురించి గానీ చెప్పించడం తప్పు. పైగా ఆ పిల్లకు 'అభ్యంతరం', 'అప్పీలు' లాంటి మాటలు రెండు భాషల్లోనూ తెలియవు. కుటుంబ హింస విషయాల్లో భర్త గానీ బంధువు గానీ దుబాసీగా ఉండకూడదని రాతపూర్వక నియమమే పెట్టుకోండి. చిన్న సమాజాల్లో ఇంకో చిక్కుంది. ఊళ్లో ఆ భాష తెలిసిన దుబాసీ ఒక్కరే ఉంటే, వచ్చిన మనిషికి ఆయన తెలిసినవాడే అయి ఉంటాడు. అలాంటప్పుడు దూరప్రాంతపు ఫోన్ దుబాసీయే మేలు. పేరు చెప్పకుండా మాట్లాడే వీలివ్వాలి, ఆడవాళ్లు ఆడ దుబాసీని కోరితే ఇవ్వాలి. ఫోన్ పనికిరాని చోట్లూ ఉన్నాయి. కాగితాలు ముందు పెట్టుకుని మాట్లాడాల్సిన పనికి, పదిమంది కూర్చునే సమావేశానికి, సంకేత భాష వాడేవారికి మనిషో వీడియోనో కావాలి. ఒక దేశంలోని సంకేత భాష ఇంకో దేశపు బధిరులకు తెలిసి ఉంటుందని అనుకోకండి.

టెలిఫోన్ దుబాసీ సేవ కొత్త ఆలోచనేమీ కాదు. ఆస్ట్రేలియాలో 1973లోనే మొదలైంది. దుబాసీలకు, అనువాదకులకు అర్హత పరీక్షలు పెట్టే జాతీయ సంస్థ అక్కడ 1977లో ఏర్పడింది. అర్హత మాట ఎందుకంటే, సంస్థలో రెండు భాషలు తెలిసిన ఉద్యోగి దొరకగానే అతన్ని ఊరికే దుబాసీగా వాడుకోవడం చాలా చోట్ల అలవాటు. పక్క విభాగం వాళ్లు రోజుకు ఐదుసార్లు పిలుస్తారు, అతని సొంత పని మిగిలిపోతుంది, ఏడాది చివర పనితీరు నివేదికలో చీవాట్లు. భాష కూడా నైపుణ్యమే. పరీక్ష పెట్టండి, నెల నెలా భత్యం ఇవ్వండి, వారానికి ఎన్ని గంటలో కాగితం మీద రాయండి. చిరునామా మార్పు లాంటి మామూలు పనులకు మాత్రమే అతన్ని పిలవండి. జరిమానాలు, అప్పీళ్లు, వైద్యం, పోలీసు వ్యవహారాలకు అర్హత ఉన్న దుబాసీయే ఉండాలి.

అనువాదం సంగతికొస్తే, సగం తప్పులు మూలంలోనే ఉంటాయి. 'పైన పేర్కొన్న నిబంధన ననుసరించి నిర్ణీత గడువులోగా సమర్పించని యెడల' అని మీరు రాస్తే, అది ఏ భాషలోకి వెళ్లినా అలాగే ఉంటుంది. ముందు మీ భాషలోనే మామూలు మాటల్లోకి మార్చండి: 'మార్చి 31లోగా ఈ కాగితం ఇవ్వకపోతే జరిమానా పడుతుంది.' 1995లో జపాన్‌లోని కోబే ప్రాంతాన్ని భూకంపం కుదిపినప్పుడు, జపనీస్ సరిగా రాని విదేశీయులు హెచ్చరికలు అర్థంకాక ఇబ్బందులు పడ్డారు. ఆ అనుభవం నుంచే అక్కడ 'సులభ జపనీస్' అనే పద్ధతి పుట్టింది. చిన్న వాక్యాలు, తేలిక మాటలు, కష్టమైన లిపి మీద ఉచ్చారణ. విపత్తు మొదటి గంటల్లో అనువాదాలు రావు, కానీ సులభమైన భాషలో చెప్పడం ఆ క్షణానే మొదలుపెట్టవచ్చు. అలాగే వరద, అగ్నిప్రమాదం, నీటి కాలుష్యం లాంటివాటికి ఖాళీలు వదిలిన నమూనా సందేశాలు ముందే అనువదించి పెట్టుకోండి. ఆ రోజు వార్డు పేరు, సమయం, చేరాల్సిన చోటు నింపితే సరిపోవాలి.

మూలం ఖరారయ్యాక తాళం వేయండి. అనువాదం సగంలో ఉండగా మూలంలో తేదీ మారుతుంది, నాలుగు భాషల్లో మూడింటిలో సరిదిద్దుతారు, నాలుగోది పాత తేదీతో వీధుల్లోకి వెళ్తుంది. ఇది మేము చూసే తప్పుల్లో మొదటి వరసలోది. అనుభవం ఉన్న అనువాదకులు రోజుకు సుమారు రెండు వేల మాటలు చేస్తారు. ఆ తర్వాత ఇంకొకరు మూలంతో సరిపోల్చి చూడాలి. అనువాద సేవలకు 2015లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 17100లో ఈ రెండో మనిషి పరిశీలన తప్పనిసరి. సాయంత్రం పంపి పొద్దున్నకల్లా కావాలంటే ఆ రెండో మనిషి ఎగిరిపోతాడు. వంద, నూటయాభై మాటల పదకోశం ఒకటి ప్రతి భాషకూ తయారుచేసుకోండి. ఆస్తి పన్ను, ఆక్రమణ, బకాయి, అప్పీలు, ధ్రువపత్రం లాంటివి. ఒకే పన్నుకు ఒక నోటీసులో ఒక పేరు, ఇంకో నోటీసులో ఇంకో పేరు ఉంటే, జనం అది రెండు పన్నులని అనుకుంటారు.

యంత్రానువాదం వాడవచ్చా అని ఈమధ్య అందరూ అడుగుతున్నారు. మీకు వచ్చిన ఈమెయిల్ దేని గురించో పట్టుకోవడానికి వాడండి. మీ నుంచి బయటకు వెళ్లే నోటీసుకు మనిషి చూడకుండా వాడకండి. పెద్ద భాషల్లో అది తప్పు చేసినా వాక్యం సాఫీగా ఉంటుంది, అందుకే తప్పు పట్టుబడదు. 'కూడదు' పోయి 'వచ్చు' అయినా చదవడానికి బాగానే ఉంటుంది.

అచ్చులోకి వెళ్లాక ఇంకో గండం. డిజైనర్‌కు ఆ లిపి రాదు. సాఫ్ట్‌వేర్‌లో ఆ లిపికి తగిన అమరిక పెట్టకపోతే తెలుగు ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి, అరబ్బీ అక్షరాలు విడివిడిగా, తిరగబడి పడతాయి. పేజీ తయారయ్యాక ఆ భాష చదవగలిగినవాళ్లు మళ్లీ ఒకసారి చూడాల్సిందే, దానికి విడిగా డబ్బు ఇవ్వాల్సిందే. ప్రతి పత్రం అడుగున మీ ప్రధాన భాషలో పత్రం పేరు, భాష పేరు, తేదీ చిన్న అక్షరాల్లో వేయండి. లేకపోతే కౌంటర్ వెనక ఉన్న గుమాస్తాకు తన చేతిలోది టీకా కరపత్రమో చెత్త సేకరణ పట్టికో తెలియదు. వెబ్‌సైట్‌లో 'ఇతర భాషలు' అన్న లింకు మీ భాషలోనే రాసి లోపలి పేజీలో దాచకండి. మొదటి పేజీ మీద ప్రతి భాష పేరూ ఆ లిపిలో కనబడాలి. బొమ్మగా మార్చిన పత్రం వెతుకులాటకు దొరకదు, చూపులేని వారి తెర చదివే సాధనానికీ అందదు. యూనికోడ్ పాఠంగానే, అంటే కంప్యూటర్ చదవగలిగే అక్షరాలుగానే పెట్టండి.

దరఖాస్తుల్లో పేర్ల గడులు కూడా గేట్ల లాంటివే. 'మొదటి పేరు, చివరి పేరు' రెండూ తప్పనిసరి అంటే, ఒక్క పేరే ఉన్నవాళ్లు అక్కడే ఆగిపోతారు. ఇంటిపేరు ముందు రాసే సమాజాలున్నాయి, రెండు ఇంటిపేర్లు ఉండే సమాజాలున్నాయి. పూర్తి పేరుకు ఒకే పొడవైన గడి, 'మిమ్మల్ని ఎలా పిలవాలి' అని ఇంకో గడి ఇస్తే చాలావరకు తీరుతుంది. పుట్టిన తేదీ రికార్డు లేని శరణార్థులకు చాలా చోట్ల జనవరి 1 అని రాస్తారు. పేరు, పుట్టిన తేదీ కలిపి వెతికే కంప్యూటర్ ఒకే పేరున్న ఇద్దరిని ఒకే మనిషిగా కలిపేస్తుంది. ఆ తప్పు విడదీయడానికి నెలలు పడుతుంది.

అడగని సమాచారం ఎక్కడికీ పోదు. న్యూయార్క్ 2015 జనవరిలో నగర గుర్తింపు కార్డు మొదలుపెట్టింది, వలస స్థితితో పని లేకుండా నివాసులందరికీ. దరఖాస్తుదారులు చూపిన పత్రాల నకళ్లు మొదట్లో దాచిపెట్టారు. 2016 అధ్యక్ష ఎన్నికల తర్వాత ఆ నకళ్లను నాశనం చేయకూడదంటూ కోర్టులో కేసు పడింది. నగరం గెలిచింది గానీ, తమ వివరాలు వలస అధికారుల చేతికి పోతాయేమోనని కార్డు తీసుకున్నవాళ్లు అన్నాళ్లూ బిక్కుబిక్కుమన్నారు. కేసు తేలకముందే నగరం కొత్తగా నకళ్లు ఉంచుకోవడమే మానేసింది. చూసి తిరిగి ఇచ్చేస్తే సరిపోయే చోట ఫొటోకాపీ తీయకండి. ఏ సమాచారం ఎవరికి వెళ్తుంది, ఎవరికి వెళ్లదు అన్నది కౌంటర్ మీదే రాసి పెట్టండి. గ్రంథాలయం కార్డు వివరాలు పోలీసులకు వెళ్తాయేమోనన్న అనుమానం ఒక్కసారి పుడితే, మీ కరపత్రాలేవీ దాన్ని చెరపలేవు.

సంప్రదింపుల పేరిట జరిగేదాని గురించి నిష్కర్షగానే రాస్తాం. మీరు ప్రతిసారీ పిలిచేది ఆ నలుగురు పెద్దమనుషులనే. వాళ్లు చెడ్డవాళ్లని కాదు. కానీ సంఘం అధ్యక్షుడు మాట్లాడితే ఆ సమాజం మాట్లాడినట్టు కాదు. అందులో ఆడవాళ్లు, కుర్రవాళ్లు, రాత్రి షిఫ్టు కార్మికులు, ఆ సంఘంతో పడనివాళ్లు లేరు. జపాన్‌లోని కవాసాకి నగరం 1996లో స్థానిక శాసనం చేసి విదేశీ నివాసుల ప్రతినిధి సభ ఏర్పాటు చేసింది. గరిష్ఠంగా 26 మంది, రెండేళ్ల పదవీకాలం, బహిరంగ దరఖాస్తుల ద్వారా ఎంపిక. సభ్యులు తమ దేశం తరఫున కాక, విదేశీ నివాసులందరి తరఫునా మాట్లాడాలి. ఏటా మేయర్‌కు నివేదిక ఇస్తారు, మేయర్ దాన్ని నగర సభకు తెలియజేయాలి. విదేశీయులకు అద్దె ఇల్లు దొరకకపోవడం గురించి ఆ సభ లేవనెత్తిన సమస్య 2000లో వచ్చిన నగర గృహ శాసనానికి దారితీసింది. ఇందులో గమనించాల్సింది సభ ఉండటం కాదు, సభ మాట ఎవరి బల్ల మీదికి, ఎప్పటికి చేరాలో శాసనంలోనే రాసి ఉండటం. సలహా సంఘాలు చచ్చిపోయేది ఇక్కడే. సిఫార్సు మినిట్స్‌లో పడుకుంటుంది. ప్రతి సిఫార్సుకూ అరవై రోజుల్లో 'చేస్తాం', 'చేయలేం, కారణమిది' అన్న రెండింట్లో ఒక జవాబు రాతలో ఇవ్వాలని నియమం పెట్టుకోండి. 'పరిశీలిస్తాం' అన్నది జవాబు కాదు.

సమావేశానికి రమ్మంటే సరిపోదు. గంట కూలి పోగొట్టుకుని వచ్చేవాళ్లకు హాజరు భత్యం, ప్రయాణ ఖర్చు అక్కడికక్కడే ఇవ్వాలి, తర్వాత బిల్లు పెట్టుకోమని కాదు. పసిపిల్లల్ని చూసుకునే ఏర్పాటు లేకపోతే తల్లులు రారు. ఎజెండా అనువాదం వారం ముందు చేరాలి. ఒకేసారి వినిపించే అనువాదమైతే ఒక భాషకు ఇద్దరు దుబాసీలు కావాలి, ఇరవై ముప్పై నిమిషాలకు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారాలి. ఒక్కరితో రెండు గంటలు నెట్టుకొస్తే రెండో గంటలో మాటలు జారిపోతాయి. తేదీ పెట్టేముందు అందరి పండుగల పట్టిక చూడండి, అదీ ఈ ఏటిది. రంజాన్ ప్రతి ఏడూ సుమారు పదకొండు రోజులు ముందే వస్తుంది. పోయినేటి పట్టిక చూస్తే ఇఫ్తార్ వేళకే సభ పెట్టేస్తారు.

ఓటు హక్కు మీ చేతుల్లో లేకపోవచ్చు, అది దేశ చట్టాల సంగతి. అయినా తెలిసి ఉండటం మంచిది. పౌరసత్వం లేని నివాసులకు స్థానిక ఎన్నికల్లో ఓటు హక్కును ఐర్లండ్ 1963లో, స్వీడన్ 1976లో ఇచ్చాయి. ఐరోపా దేశాల మానవ హక్కుల వేదిక అయిన ఐరోపా మండలి 1992 ఒడంబడిక ఐదేళ్ల నివాసం తర్వాత ఆ హక్కు ఇవ్వమంటుంది. ఓటు లేనిచోట అర్జీయే ఆధారం. భారత రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం కేంద్రంలోగానీ ఆ రాష్ట్రంలోగానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా కష్టం చెప్పుకుంటూ అర్జీ ఇవ్వవచ్చు. ఎన్ని మున్సిపల్ కార్యాలయాల ఇన్‌వార్డు సెక్షన్లకు ఈ సంగతి తెలుసో వెళ్లి అడిగి చూడండి.

గ్రాంట్ల విషయంలో ఒక్కటే ముఖ్యం. ముందు ఖర్చుపెట్టి తర్వాత రసీదులు చూపించమనే పద్ధతి చిన్న సంఘాలను గుమ్మంలోనే ఆపేస్తుంది. వాళ్ల దగ్గర ముందు పెట్టే డబ్బే లేదు. చిన్న మొత్తాలకు రెండు పేజీల దరఖాస్తు, అధిక భాగం ముందే చెల్లింపు, కావాలంటే నోటితో చెప్పి నమోదు చేయించుకునే వీలు ఉండాలి. సామాజిక భవనాల బుకింగులు పాతవాళ్లకే ఏటా రెన్యూవల్ అవుతూ ఉంటే, కొత్త సంఘానికి మంగళవారం మధ్యాహ్నం తప్ప మిగలదు. ప్రతి నాలుగు వేళల్లో ఒకటి కొత్తవాళ్లకు వదలండి.

చావు గురించి విధాన పత్రాల్లో ఎవరూ రాయరు. నమ్మకం పెరిగేదీ విరిగేదీ ఎక్కువగా అక్కడే. ముస్లింలు, యూదులు వీలైనంత త్వరగా, కుదిరితే ఒక రోజులోనే ఖననం చేయాలనుకుంటారు. శుక్రవారం సాయంత్రం పోయిన మనిషికి సోమవారం దాకా అనుమతి రాకపోతే ఆ కుటుంబం జీవితాంతం మరిచిపోదు. 2018 ఏప్రిల్‌లో లండన్‌లోని హైకోర్టు ముందుకు ఇలాంటి వివాదమే వచ్చింది. మతపరమైన కారణంతో ఏ మృతదేహానికీ ముందు వరస ఇవ్వం, వచ్చిన వరసలోనే చూస్తాం అన్న ఒక కరోనర్ (మరణ కారణాలు విచారించే అధికారి) విధానం చట్టవిరుద్ధమని కోర్టు తేల్చింది. అందరికీ ఒకే కొలత పెట్టడం సమానత్వమని నమ్మే అధికారులు ఆ తీర్పు చదవాలి. చేయాల్సింది ఇది: శని, ఆదివారాల్లో మరణ నమోదుకు, ఖనన అనుమతికి పిలిస్తే పలికే అధికారి ఒకరు, ఫోన్ నంబరుతో సహా. శ్మశాన ప్రణాళిక వేసేటప్పుడే కొంత భాగం కిబ్లా దిశకు (ముస్లింలు ప్రార్థనలో తిరిగే మక్కా వైపుకు) తగినట్టు సమాధుల వరసలతో గీయాలి. తర్వాత మార్చడం కుదరదు, బాటలూ మురుగు కాలువలూ అడ్డొస్తాయి. దహనానికి కుటుంబ సభ్యులు దగ్గరుండే చోటు, అస్థికలు నీళ్లలో కలపడానికి అనుమతించిన రేవు, దాని నియమాలు ముందే ప్రకటించి ఉంచాలి. లేకపోతే జనం చీకట్లో ఎక్కడో కలుపుతారు, తెల్లారి మీరే జరిమానా వేస్తారు.

ఇంతా చేస్తే పాత నివాసుల నుంచి ఒక మాట వస్తుంది: 'అన్నీ వాళ్లకేనా?' దాన్ని చులకన చేయకండి. బార్సిలోనా నగరం 2010 నుంచి పుకార్లకు ఎదురుగా ఒక కార్యక్రమం నడిపింది. మాటకారులైన మామూలు జనానికి శిక్షణ ఇచ్చి, బజారులో, బస్సులో ఆ మాట వచ్చినప్పుడు నింపాదిగా జవాబు చెప్పేలా చేసింది. ఐరోపా మండలి 2008లో 11 నగరాలతో మొదలుపెట్టిన సాంస్కృతిక సమ్మేళన నగరాల కార్యక్రమం ఈ పద్ధతిని ఇతర నగరాలకూ తీసుకెళ్లింది. మా వైపు నుంచి ఒక జాగ్రత్త చెబుతాం. పుకారును ఖండించడానికి ఆ పుకారునే పెద్ద అక్షరాలతో పోస్టరు మీద వేయకండి, జనానికి గుర్తుండేది అదే. ఇళ్ల కేటాయింపు జాబితాలో పాయింట్లు ఎలా వేస్తారో ఉన్నదున్నట్టు ప్రచురిస్తే, సగం అనుమానాలకు నిలబడే చోటుండదు.

ఇవన్నీ కమిషనర్ ఉత్తర్వుగా కాక, కౌన్సిల్ తీర్మానంగా, ఉపవిధిగా (బై-లాగా) రావాలి. అమెరికాలో 2000 ఆగస్టులో ఒక అధ్యక్ష ఉత్తర్వుతో వచ్చిన భాషా సేవల బాధ్యత, 2025 మార్చిలో ఇంకో అధ్యక్ష ఉత్తర్వుతో రద్దయింది. ఒక సంతకంతో వచ్చింది ఒక సంతకంతో పోయింది. న్యూయార్క్ నగర మండలి చేసిన చట్టం దానితో పాటు పోలేదు.

ఏడాది చివర నివేదికలో 'ఎన్ని కార్యక్రమాలు జరిపాం' అని రాయకండి. భాషల వారీగా ఎన్నిసార్లు దుబాసీని అడిగారు, ఎన్నిసార్లు దొరకలేదు, ఎన్ని నిమిషాలు ఆగారు, దుబాసీ ఉన్నప్పుడూ లేనప్పుడూ దరఖాస్తుల తిరస్కరణ ఎంత తేడాగా ఉంది అని రాయండి. ఒక భాష వాళ్ల నుంచి ఫిర్యాదులు సున్నా అని కనిపిస్తే సంతోషించకండి, ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో వాళ్లకు తెలియలేదని అనుకోండి.

వచ్చే బడ్జెట్ సమావేశానికి ముందు సభ్యులు ఒక చిన్న పని చేయండి. మీ పరిధిలో ఎక్కువమంది మాట్లాడే రెండో భాష ఒకటి, బాగా తక్కువమంది మాట్లాడే భాష ఒకటి తెలిసిన ఇద్దరిని పక్కన కూర్చోబెట్టుకోండి. సోమవారం ఉదయం పదింటికి ఒకసారి, శనివారం సాయంత్రం ఒకసారి మీ హెల్ప్‌లైన్‌కు ఆ భాషల్లోనే ఫోన్ చేయించండి. అడగాల్సింది ఒక్కటే: 'మా వీధిలో నీళ్లు రంగు మారి వస్తున్నాయి, తాగవచ్చా?' గడియారం పెట్టి, సరైన జవాబు ఆ భాషలో వచ్చేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో, ఎన్నిచోట్ల ఫోన్ పెట్టేశారో రాసుకోండి. ఆ నాలుగు ఫోన్ల లెక్కలను బడ్జెట్ పత్రాలకు జతచేసి సభలో పెట్టమని మా విజ్ఞప్తి.

ఇట్లు,
అనువాదకులు, దుబాసీలు, వార్డు అనుసంధాన కార్యకర్తలు